బొంతకు వెనుక వైపు

తెలుగులో ‘అతుకుల బొంత’ అనే మాట నిందగా స్థిరపడిపోయింది. పొందిక లేని గ్రంథాన్ని అతుకుల బొంత అంటారు. నాలుగు పక్షాలు కూడి ఏర్పరచిన మంత్రివర్గాన్నీ అట్లే అంటారు. అతుకు పడితే వస్తువు బలహీనపడుతుందనే భావం ఈ మాటలో ఉన్నది. కాని చక్కగా కుట్టిన పాతబొంతను ఒకసారి తిరగవేసి, వెనుక గుడ్డను పరిశీలించినవారికి ఈ భావం ఎంతవరకు సరియైనదో సందేహం కలుగుతుంది. అక్కడ నడుమ గుడ్డ నలిగి, పలుచనై, పోగులు తేలి ఉంటుంది. అతుకు వేసినచోట మాత్రం గుడ్డ మడత మీద మడతగా గట్టిపడి నిలిచి ఉంటుంది. బొంతలో అతుకు బలహీనస్థానం కానక్కర లేదు. బలమూ, బలహీనతా అతుకు వేసిన చేతిలో ఉన్నవి. ఆ చేతిపనికి ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను తెలుసుకొనటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

బొంతకు ముఖ్యంగా మూడు భాగాలు. కంటికి కనిపించేది పై గుడ్డ. లోపల ఉండేవి పాతగుడ్డల పొరలు. రజాయి అయితే దూది. అడుగున ఉండేది అస్తరు. పై గుడ్డను అందరూ చూస్తారు; అందులోని రంగుల కూర్పును మెచ్చుకుంటారు. అస్తరును ఎవరూ చూడరు. కాని మనిషి శరీరానికి తగిలేదీ, నేలమీద ఒరసుకొనేదీ, చాకిరేవులో బండదెబ్బ తినేదీ అస్తరే. అస్తరు నిలిచినంతకాలమే బొంత నిలుస్తుంది.

అస్తరుకు అతుకు ఎందుకు అవసరమైనదో తెలియాలంటే మగ్గం దగ్గరకు పోవలసి ఉంటుంది. గుడ్డకు నిడివి ఎంతైనా ఉండవచ్చు. పడుగు ఎంత పొడవున సాగదీస్తే గుడ్డ అంత పొడవు వస్తుంది. వెడల్పుకు మాత్రం హద్దు ఉన్నది. దానినే మన నేతగాండ్రు, బట్టల వర్తకులు ‘పన్నా’ అంటారు. గుంటమగ్గంలో కూర్చున్న నేతగాడు ఒక చేతితో నాడెను విసరి, రెండవ చేతితో పట్టుకొనాలి. అతని రెండు చేతులు ఎంత దూరం అందుకొనగలవో అంతే పన్నా. అంటే వస్త్రం వెడల్పును వేల సంవత్సరాలపాటు నిర్ణయించినది మానవుని బారచాపు. ఒక మనిషి పడుకొని కప్పుకొనేందుకు ఆ వెడల్పు ఒకమాదిరిగా సరిపోతుంది. భార్యాభర్తలకు, పక్కలో పిల్లలకు కలిపి కప్పాలంటే రెండు పన్నాలను అతకక తప్పదు.

ఈ సంగతిని మన భాష మరువలేదు. నిత్యం వాడుకునే ‘దుప్పటి’ అనే పదంలోనే రెండు పట్టీల వస్త్రమనే అర్థం ఇమిడి ఉన్నది. ఉత్తరాదివారి ‘దుపట్టా’ దీనికి తోబుట్టువు. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడ దుపట్టాకు రెండు పన్నాల గుడ్డ అనే అర్థమే చెప్పింది. కనుక దుప్పటి అని మనం పలికినప్పుడెల్లా నడిమి కుట్టును కూడ పలుకుతున్నట్లే లెక్క. నేడు అతుకు లేని దుప్పటి కప్పుకొనే మనకు ఆ కుట్టు కనిపించదు. పేరు మాత్రం మిగిలింది.

ఇంగ్లండులో 1733లో జాన్ కే అనే నిపుణుడు, తాడు లాగితే దానంతట అది పరుగెత్తే నాడెను కనిపెట్టాడు. అంతకుపూర్వం వెడల్పైన గుడ్డ నేయాలంటే మగ్గానికి ఇటూ అటూ ఇద్దరు మనుషులు కావలసి వచ్చేవారు. ఈ నాడెతో ఒక్కడే ఆ పని చేయగలిగాడు. మద్రాసు రాజధానిలోని చేనేతలో ఈ పద్ధతి ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వ్యాపించింది. అప్పటి నుండి పన్నాకు మనిషి బారతో ఉండిన బంధం సడలింది. కాని పాతచీరతో బొంత కుట్టే ఇల్లాలికి మాత్రం చీర పన్నాయే పన్నా. కాబట్టి ఆమె అతుకు ఆమెకు మిగిలే ఉన్నది.

అతికిన వస్త్రానికి మన దేశంలో గౌరవస్థానం లేకపోలేదు. సంస్కృతంలో బొంతకు ‘కంథ’ అని పేరు. అది దరిద్రుడు కప్పుకొనే గుడ్డ. సన్న్యాసి ధరించే వస్త్రం కూడ అదే. బౌద్ధుల వినయపిటకంలోని మహావగ్గం ఒక ముచ్చట చెబుతుంది. బుద్ధుడు మగధదేశపు పొలాల మీదుగా పోతూ, గట్లతో చతురస్రాలుగా విడివడి ఉన్న వరిమళ్ళను చూచి, భిక్షువుల చీవరాలను ఆ తీరున కూర్చగలవా అని ఆనందుణ్ణి అడిగాడట. ఆనందుడు గుడ్డముక్కలను కత్తిరించి, గట్లవలె కుట్లు వచ్చేటట్లు కూర్చి చూపించాడు. నాటినుండి ముక్కలు చేసి అతికిన వస్త్రమే భిక్షువుకు విధి అయింది. కృష్ణాతీరంలో అమరావతిలోను, నాగార్జునకొండలోను నివసించిన భిక్షువులు కూడ ఈ వినయమార్గంలోని వారే. వరిమడిని ఎరిగిన తెలుగువారికి ఈ పోలిక వేరే వివరించనక్కరలేదు. మడికి నీరు నిలిపేది గట్టు; బొంతకు పొర నిలిపేది కుట్టు.

ఇక దారిద్ర్యం నుండి ఐశ్వర్యానికి వద్దాము. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ సుల్తానుల రేవు మచిలీపట్నం. అక్కడ డచ్చివారు 1606లోను, ఇంగ్లీషువారు 1611లోను వర్తకస్థానాలు ఏర్పరచుకున్నారు. వారు ఓడల కెత్తిన సరుకులలో చిరివేరు ఎరుపుతో, కలంకారీ పనితో మెరిసే అద్దకపు బట్టలు ముఖ్యమైనవి. వాటిలో మంచంమీద పరచే పెద్ద వస్త్రాలను ‘పలంగ్‌పోష్’ అనేవారు. ఇంగ్లీషువారి నోట అది ‘పలంపూరు’ అయింది. యూరపు ప్రభువుల మంచాలు పెద్దవి. మన మగ్గాల పన్నా చిన్నది. కాబట్టి పలంపూర్లలో అనేకం రెండు లేక అంతకు మించిన పన్నాలను ముందుగా అతికి, ఆ తరువాత బొమ్మ వ్రాసినవే. నడిమి కుట్టు మీదుగానే చెట్టుకొమ్మలు సాగిపోతాయి; పువ్వులో ఒక సగం ఈ పన్నాలోను, రెండవ సగం ఆ పన్నాలోను వికసిస్తుంది. నేడు దేశదేశాల ప్రదర్శనశాలలలో ఈ వస్త్రాలను చూచేవారు పువ్వును చూస్తారుగాని, పువ్వును మోస్తున్న కుట్టును గమనించరు.

ఈ బట్టల మోజు ఎంత దూరం పోయిందంటే, తమ నేతగాండ్రు నష్టపడుతున్నారని ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో వీటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు సాగింది. ఇంగ్లండు కూడ 1701లోను, మరల 1721లోను ఇట్టి చట్టాలనే అమలు జరపబూనింది. దొరకని వస్తువుకు విలువ హెచ్చు. చిరిగిన అద్దకపు బట్టను సైతం అక్కడి స్త్రీలు పారవేయక, పువ్వులను కత్తిరించి ముక్కలుగా బొంతలలో కుట్టుకున్నారు. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే భవనంలో 1708 ప్రాంతపుదని చెప్పే అతుకుల దుప్పటి ఒకటి ఉన్నది. అందులో వాడినవి భారతదేశపు అద్దకపు గుడ్డలని ప్రతీతి. దొరసానుల సూదికీ, మన పల్లె అవ్వ సూదికీ ఇక్కడ భేదం లేదు. మంచిగుడ్డ ముక్కను పారవేయటానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

ఇప్పుడు మన ఇంటి బొంతకు వచ్చి, ఆ అతుకు వేసే విధానాన్ని కొంచెం పరిశీలిద్దాము. ఆరు గజాల చీర నిడివి 216 అంగుళాలు. పన్నా 45 అంగుళాలు అనుకుందాము. దానిని సరిగా రెండు చేస్తే, 108 అంగుళాల పొడవు గల ముక్కలు రెండు వస్తాయి. వాటిని పొడవునా అతికితే 90 అంగుళాల వెడల్పు అస్తరు సిద్ధమవుతుంది. పెద్ద మంచానికి ఇది సరిపోతుంది. వెనుకటి స్త్రీలు తొమ్మిది గజాల చీరలు కట్టేవారు. దానిని మూడు చేస్తే మూడూ 108 అంగుళాల ముక్కలే. వెడల్పు 135 అంగుళాలకు పెరుగుతుంది, కుటుంబమంతటికీ చాలుతుంది. కుట్టులో పోయే అర అంగుళం, అర అంగుళం దీనిలోనుంచి తీసివేయాలి. పలక పట్టని ముసలమ్మ ఈ గణితాన్ని జానలతోను, మూరలతోను తప్పు లేకుండా చేసేది.

రెండు ముక్కలు అతికినప్పుడు కుట్టు సరిగా నడుమకు వస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. బొంతను మడిచి పెట్టేటప్పుడు మడత పడేదీ నడుమనే. ప్రతిదినం అదేచోట మడత, అదేచోట ఒరపిడి. కొంతకాలానికి దారం తెగుతుంది. అందువలన అనుభవజ్ఞులు ఒక పన్నాను యథాతథంగా నడుమ ఉంచి, రెండవ పన్నాను నిలువునా చీల్చి ఇరుపక్కలా అతుకుతారు. కుట్లు రెండవుతాయి, శ్రమ కొంత హెచ్చుతుంది. కాని మడతబారి నుండి రెండు కుట్లూ తప్పించుకుంటాయి. పై గుడ్డ అతుకూ, అస్తరు అతుకూ ఒకేచోట పడకుండ చూడటం మరొక జాగ్రత్త. రెండూ ఒకచోట కలిస్తే అక్కడ గడ్డ కట్టినట్లయి సూది దిగదు. పడుకొన్న వానికి వీపున గుచ్చుకొంటుంది. అస్తరును పై గుడ్డకంటె నాలుగువైపులా మూడు నాలుగు అంగుళాలు హెచ్చుగా ఉంచటం కూడ ఆచారం. కుట్టు సాగినకొద్దీ పొరలు కొంత లోపలికి ఈడ్చుకుంటాయి గదా!

గుడ్డ అంచుల విషయం కూడ చెప్పవలసి ఉన్నది. మగ్గంమీద అంచుపోగులు లోపలి పోగులకంటె బిగువుగా, దట్టంగా ఉంటాయి. కొత్తగుడ్డను ఆ అంచులతోనే అతికితే, తడిసినప్పుడు అంచు ఒక విధంగాను, లోపలిగుడ్డ మరొక విధంగాను కుదించుకొని, కుట్టువెంట ముడతలు పడతాయి. కాబట్టి కొత్తగుడ్డను ముందుగా నీట తడిపి ఆరవేసి, అంచు కత్తిరించి అతకటం మంచిది. పాతచీరకు ఈ బాధ లేదు. వందసార్లు రేవుకు పోయివచ్చిన చీరలో కుదించుకొనవలసిన పోగు అంతా ఏనాడో కుదించుకుని ఉంటుంది. కనుకనే మన అవ్వలు పాతచీర అంచును కత్తిరించక, అంచుకు అంచు చేర్చి కుట్టేవారు. ఇందులో పొదుపూ ఉన్నది, వస్త్రజ్ఞానమూ ఉన్నది.

కుట్టిన తరువాత ఆ కుట్టును అదిమి పెట్టటం మరొక ఘట్టం. చాలమంది దీనిని అలంకారంగా భావిస్తారు; నిజానికి ఇది నిర్మాణంలో భాగం. అతుకు వెనుక మిగిలిన రెండు అంచులను ఇటొకటి అటొకటి విప్పి అదమవచ్చు. లేక రెండింటినీ ఒకేపక్కకు వాల్చి అదమవచ్చు. విప్పి అదిమితే అతుకు చదునుగా ఉంటుంది. పైనుంచి సూది సులభంగా సాగుతుంది. కాని అప్పుడు లాగుడు వచ్చినప్పుడల్లా బరువు దారంమీదనే పడుతుంది. రజాయి అయితే ఆ సందులోనుంచి దూది కూడ తేలవచ్చు. ఒకపక్కకు వాల్చితే గుడ్డ దారానికి అండగా నిలుస్తుంది. చేతికుట్టు ఎంతైనా కొంత వదులు. కాబట్టి చేతితో కుట్టినవారు ఒకపక్కకు వాల్చి, పై అంచును మడిచి, దానిమీద మరొక వరుస కుట్టేవారు. ఇది జోడుకుట్టు. యంత్రపుకుట్టు బిగువైనది కనుక విప్పి అదిమినా నిలుస్తుంది.

అదమటానికి వెనుక ఇస్త్రీపెట్టె ఎక్కడిది? బొటనవ్రేలి గోటితో కుట్టువెంట గట్టిగా గీసేవారు. లేక కొంచెం నీరు చల్లి, మడిచి, పరుపుక్రింద ఒక రాత్రి ఉంచేవారు. కొందరు ఇత్తడిచెంబులో నిప్పులు పోసి, ఆ చెంబు అడుగుతో అదిమేవారు. ఇస్త్రీ అనే మాట సాగదీయటం అనే అర్థం గల పోర్చుగీసు పదం నుండి మనకు వచ్చిందని భాషావేత్తల అభిప్రాయం. ఆ మాటలోనే ఒక హెచ్చరిక ఉన్నది. పెట్టెను గుడ్డమీద అటూ ఇటూ రుద్దితే గుడ్డ నిజంగానే సాగుతుంది. సూటిగా వేసిన కుట్టు వంకర పోతుంది. అతుకును అదిమేటప్పుడు పెట్టెను ఒకచోట మోపి, ఎత్తి, ప్రక్కన మోపవలసి ఉంటుంది. బొగ్గుల పెట్టె తరువాత విద్యుత్తు పెట్టె వచ్చింది. దానికి మొదటి పేటెంటు అమెరికాలో 1882లో హెన్రీ సీలీ పొందాడు. సాధనం మారినా సూత్రం మారలేదు.

కుట్టుయంత్రం ఈ చరిత్రలో పెద్దమలుపు. ఎలియాస్ హోవే 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను అమెరికాలో పేటెంట్లు పొందారు. పైన ఒక దారం, క్రింద ఒక దారం పెనవేసుకొనే ఆ కుట్టు, ఒకచోట తెగినా గొలుసువలె మొత్తం ఊడిరాదు. యంత్రాలను విమర్శించిన గాంధీమహాత్ముడు కూడ 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగర్ యంత్రానికి మినహాయింపు ఇచ్చాడు. భార్య పడే శ్రమను చూచి జాలిపడి సింగర్ దానిని కనిపెట్టాడనీ, ప్రేమనుండి పుట్టిన యంత్రమనీ ఆయన భావన. 1930ల దశకంలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగు సంస్థ ఉషా యంత్రాలను తయారుచేయటం ఆరంభించిన పిదప, మధ్యతరగతి ఇండ్లలో కాలితొక్కుడు చప్పుడు వినవచ్చింది. నడిమి కుట్టు గంటలనుండి నిమిషాలలోకి వచ్చింది.

అంతలోనే యుద్ధం వచ్చింది. 1943 జూనులో భారతప్రభుత్వం నూలు, బట్టలమీద నియంత్రణ ఉత్తరువు జారీచేసింది. ‘కంట్రోలు బట్ట’ అనే మాట నాటి తరంవారికి గుర్తుండిపోయింది. ఇంగ్లండులో 1941 నుండి 1949 వరకు బట్టల రేషను సాగింది. నడుమ చివికిన దుప్పటిని నిలువునా చీల్చి, గట్టిగా ఉన్న ప్రక్కలను నడుమకు తెచ్చి అతకవలసినదని అక్కడి ప్రభుత్వమే కరపత్రాలతో గృహిణులకు బోధించింది. మన పల్లె స్త్రీకి ఈ ఉపాయం చెప్పటానికి ఏ కరపత్రమూ అవసరం కాలేదు. ఆమెకు రేషను యుద్ధంతో ఆరంభం కాలేదు. యుద్ధంతో ముగియనూ లేదు.

ఆ యుద్ధకాలంలోనే, 1942లో, హైదరాబాదు ఆల్విన్ సంస్థ ఏర్పడింది. నేడు నగరం నడిబొడ్డుకు చేరువైన సనత్‌నగర్‌కు కర్మాగారాల పేట అనే పేరు తెచ్చిన సంస్థలలో అది ఒకటి. బస్సులు, ఇనుప బీరువాలు, తరువాత శీతలయంత్రాలు అక్కడ తయారైనవి. ఆ సంస్థ శకం 1990ల దశకంలో ముగిసింది. బీరువాకూ, బొంతకూ సంబంధమేమని అడగవచ్చు. ఇనుపరేకుకు కూడ గుడ్డవలెనే పన్నా ఉన్నది. ఒక రేకు అంచును మడిచి, రెండవ రేకు అంచును దానిలో దూర్చి, కొక్కెం పట్టించి అదిమే అతుకు రేకుపనిలో ప్రసిద్ధమైనది. జోడుకుట్టు సూత్రం కూడ అక్షరాలా అదే. పల్లెలనుండి కర్మాగారాలకు పనికి వచ్చిన కుటుంబాలలో, పగలు పురుషుడు రేకుమీద చేసిన పనినీ, మాపటివేళ స్త్రీ గుడ్డమీద చేసిన పనినీ ఒకచోట పెట్టి చూస్తే రెండూ ఒకే విద్య అని తెలుస్తుంది. ఒకదానిని పరిశ్రమ అన్నారు, కూలి కట్టారు, లెక్కలలో వ్రాశారు. రెండవదానిని ఇంటిపని అన్నారు. ఏ లెక్కలోను వ్రాయలేదు. మన వస్త్రచరిత్రలో పెద్దలోటు ఇదే.

ఆ లోటు పూడ్చటానికి ఇక ఎక్కువకాలం లేదు. పాతబట్టలిచ్చి ఉక్కుగిన్నెలు తీసుకొనే వాడుక నగరాలలో పెరిగిననాటినుండి, బొంతలోకి పోవలసిన చీర బజారుకు పోతున్నది. నూలుచీర స్థానంలో వచ్చిన కృత్రిమనూలు చీర చెమటను పీల్చదు, సూదిక్రింద జారిపోతుంది. విల్లుతో దూది ఏకి పరుపులు, రజాయిలు కూర్చిన దూదేకులవారి వృత్తి సన్నగిల్లింది. సనత్‌నగర్‌లోను, అమీర్‌పేటలోను, పంజగుట్టలోను అంగళ్ళలో యంత్రాలు కుట్టిన బొంతలు అమ్ముతారు. వాటి అస్తరు ఒకే పెద్ద పన్నా, అతుకే లేదు. అతుకు అవసరం లేకపోవటం మంచిదే. ఆ శ్రమ తిరిగి రావాలని ఎవరూ కోరరు. కాని పసిబిడ్డను నేటికీ అనేక ఇండ్లలో మెత్తని పాతగుడ్డ పొత్తిళ్ళలోనే పడుకోబెడతారు. అవ్వ కట్టిన చీర మీద మనుమరాలు మొదటి నిద్ర పోతుంది. ఆ గుడ్డను ఎట్లు చేర్చాలో, ఎటు వాల్చి అదమాలో తెలిసిన చేతులు ఇంటింటా తగ్గిపోతున్నవి.

కాబట్టి మీ ఇంటి పెట్టెలలో పాతబొంత ఏదైనా ఉంటే, దానిని పారవేసేముందు ఒకసారి తిరగవేసి చూడండి. కుట్టు నడుమ ఉన్నదా, ఇరుపక్కలా ఉన్నదా? అంచు కత్తిరించారా, అట్లే చేర్చారా? మడతను ఎటు వాల్చారు? అది ఎవరి చీర? కుట్టినది ఎవరు? ఈ సంగతులు చెప్పగల పెద్దలు ఇంట్లో ఉంటే అడిగి, ఒక కాగితంమీద వ్రాసి, ఆ బొంత మడతలోనే పెట్టండి. రాజుల వస్త్రాలకు ప్రదర్శనశాలలలో చీటీలు కట్టి ఉన్నవి. మన అవ్వల బొంతలకు చీటీ కట్టవలసినవారము మనమే.